మూడో వరుసలో మెటికలు విరిచినామె

కోపం చల్లారాక రాద్దామని చాలా రోజులు ఆగాను. చల్లారలేదు. పొద్దున్నే దీపం పెట్టి, ఉన్నదానికీ తిన్నదానికీ ఇంట్లోవాళ్ళ ఆరోగ్యానికీ ఒక్కొక్కటిగా దేవుడికి దండం పెట్టుకోవడం నా అలవాటు. ఆ వరుసలో ఎక్కడో ఒకచోట ఆ వీడియో గుర్తొస్తుంది. అక్కడ నాలుక ఆగిపోతుంది. దేవుడి ముందు కూర్చుని పళ్ళు కొరకడం మంచిది కాదని నాకూ తెలుసు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

సంగతంతా ఒక ఆట గురించి. మైదానంలో ఆడేది కాదు. టీవీకి ఒక డబ్బా తగిలించి, చేతిలో మీటలు పట్టుకుని ఆడే వీడియో గేమ్. అందులో ఆడేది బేస్‌బాల్. మా నకిరేకల్‌లో బేస్‌బాల్ చూసినవాళ్ళు ఉన్నారో లేదో చెప్పలేను, నేను మాత్రం మా బిడ్డ చెప్పేదాకా ఆ పేరే వినలేదు. అలాంటి ఆటలో, సముద్రాల అవతల ఎవరెవరి ఇళ్ళలోనో వెలిగే తెరల మీద, ప్రేక్షకుల మధ్య మూడో వరుసలో నేను కూర్చున్నాను. మొహం నాది కాదు. కొప్పు నాది, చేతులు నావి. ఆ చేతులను చూసి లోకం నవ్వింది.

మా బిడ్డ నల్లగొండలో డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో బొమ్మలకు కదలికలు ఇచ్చే పని నేర్చుకుంది. అక్కడే ఒక కంపెనీలో చేరింది. బయటి దేశాల వాళ్ళు తయారుచేసే గేముల్లోని పని వీళ్ళకు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒకరికి గడ్డి, ఒకరికి ఆకాశం, ఒకరికి బూట్లు. కరోనా వచ్చి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు కంప్యూటరును చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చింది. తర్వాత ఆఫీసు తెరిచినా, అప్పుడప్పుడూ వచ్చిపోతే చాలన్నారు. మా నడిమి అర్ర, అంటే మధ్య గదిలో, బియ్యం డ్రమ్ము పక్కన బల్ల వేసుకుని పని చేసుకునేది. బిడ్డ కళ్ళ ముందే ఉండి, ఇష్టమైన పని చేసుకుంటూ, వేళకు తింటూ ఉండడం ఎందరు తల్లులకు దొరుకుతుంది. దానికి రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెట్టుకుంటాను.

బేస్‌బాల్ ఆటలో తనకు వచ్చిన ముక్క జనం. స్టేడియంలో చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు. వాళ్ళు లేవాలి, కూర్చోవాలి, చప్పట్లు కొట్టాలి, నిట్టూర్చాలి.

"క్రికెట్ లెక్కనేనా?" అన్నాను, చింతపండులో గింజలు తీస్తూ.

"గట్లనే అనుకో. కని బంతి నేల మీద పడి రాదు, గాల్లకెల్లే వస్తది. గుండ్రటి కట్టెతోని కొట్టాలె. కొట్టి ఉరకాలె. సుట్టు నాలుగు జాగలుంటయి. అన్ని తిరిగి మళ్ళ మొదలువెట్టిన కాడికొస్తె లెక్కలకొస్తది. ఆ మొదటి జాగను ఇల్లంటరు."

"ఇల్లు జేరితె గెలిచినట్టా?"

"ఆ."

"మంచిగున్నది ఆట. మన గొర్లు గూడ గంతే గదనే. పొద్దుగాల పోయి పొద్దూకంగ దొడ్డికొస్తె ఆ రోజు గెలిచినట్టె."

తను కుర్చీ తిప్పి నా వైపు చూసి నవ్వింది. "నువ్వు రివ్యూలు రాయొచ్చమ్మా."

రివ్యూ అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. తర్వాత బాగా తెలిసింది.

ఆటగాళ్ళ కదలికల కోసమైతే ఆ గేమ్ చేయించే అమెరికాలో పెద్ద హాలు ఉందట. ఒంటికి అతుక్కునే నల్ల బట్టల మీద మెరిసే గుండ్లు అంటించి, నిజమైన ఆటగాళ్ళను ఉరికించి, వాళ్ళ ఒళ్ళు ఎలా కదిలిందో అలాగే పట్టుకుంటారట. జనానికి అంత ఖర్చు ఎవరూ పెట్టరు. మీ ఇళ్ళలో మీ వాళ్ళనే ఫోన్‌తో వీడియో తీసుకోండి, దాన్ని చూస్తూ బొమ్మ చేతులు, మెడ కొద్దికొద్దిగా జరుపుకోండి అన్నారు. ఆ కంపెనీలో జనాన్ని చేసే పద్ధతే అది. కాబట్టి ఆ స్టేడియం నిండా ఉన్న విదేశీయులు నిజానికి విదేశీయులు కారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్ళలోని అమ్మలు, తమ్ముళ్ళు, కిరాయికి ఉండే పక్కింటివాళ్ళు. తోళ్ళు మార్చి, టోపీలు పెట్టి కూర్చోబెట్టారు.

మా డాబా మీద ముందు మా ఆయన వంతు వచ్చింది. ఆయన నిమ్మకాయల మార్కెట్‌లో పని చేస్తాడు. వేలం మొదలయ్యేదాకా బస్తాల పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన ఒంటికి పట్టిన అలవాటు. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, "నాయినా, మనోళ్ళు గెలిచిండ్రు, జర సంబురపడు" అంది మా బిడ్డ.

"మనోళ్ళంటె ఎవలు?"

"ఎవలో ఒకలు. సంబురపడు."

"ఎవలో తెల్వకుండ ఎట్ల సంబురపడాలె?"

ఎంత బతిమాలినా కట్టిన చేతులు విప్పలేదు. చివరికి ఆయనను అలాగే ఎక్కించింది. పై వరుసల్లో ఏమీ పట్టనట్టు కూర్చున్న మగమనిషి ఆయనే. ఆయనను మాత్రం ఒక్క విమర్శకుడూ తప్పు పట్టలేదు. చాలా సహజంగా ఉన్నాడని ఒకచోట రాశారు కూడా.

నా వంతు వచ్చినప్పుడు మా బిడ్డ ఫోన్‌ను నీళ్ళ ట్యాంకు మీద నిలబెట్టి, చున్నీ నడుముకు కట్టుకుంది. "అమ్మా, ఫోన్ దిక్కు సూడకు, నన్ను సూడు. నేను సుట్టు తిరిగి ఉరికొస్త. ఇల్లు జేరిన అనుకో. ఇగ నీకేమనిపిస్తె గది చెయ్."

నిజంగానే ఉరికింది. ట్యాంకు చుట్టూ తిరిగి, ఎండబెట్టిన వడియాలను దాటి, దండెం మీది బట్టల కింద నుంచి వంగి వచ్చి, నా ముందు ఆగింది. ఎదిగిన పిల్ల, ఎన్నడూ కుర్చీ దిగని పిల్ల, చెమటతో, ఆయాసంతో, మొహం నిండా వెలుగుతో. నా చేతులు వాటంతట అవే లేచాయి. రెండు అరచేతులూ తన చెంపల దగ్గరికి చాచి, కిందికి దించి, వెనక్కి తెచ్చి, వేళ్ళు ముడిచి నా కణతలకు ఆనించి నొక్కాను. మెటికలు పటపటమన్నాయి.

మా ఇంట్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. చూసి చూసి వస్తుంది. మాది గొర్లు కాసే ఇల్లు. పంటలు కోశాక మందతో బాపు, అమ్మ, అవ్వ, నేను మోత్కూర్ దాటి, తిరుమలగిరి దిక్కు చెలకలు పట్టుకుని తిరిగేవాళ్ళం. ఒక ఊరి బడిలో కూర్చునే వీలు ఎక్కడిది. బాపు కట్టెపుల్లతో మట్టిలో అక్షరాలు రాసి దిద్దించేవాడు. గొర్లు వాటి మీది నుంచి నడిచిపోయేవి. మళ్ళీ రాసేవాడు. పద్యాలు, భజనలు అవ్వ నోటి నుంచి నా నోటికి వచ్చాయి. నా చదువు అంతే, దానికి నాకు ఏ కొరతా లేదు. అవ్వకు ఏది ముద్దొచ్చినా మెటికలు విరిచేది. కవల పిల్లలను ఈనిన గొర్రెకు విరిచేది. మొదటిసారి నేను బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదివినప్పుడు నడిరోడ్డు మీదే విరిచింది. మన కన్ను కూడా తగులుతుంది బిడ్డా అనేది. ఇష్టంగా చూసినందుకు దానికి చెడు జరగకూడదు, జరిగేదేదో ముందే నా తలకు రావాలి అని కోరుకోవడం అది. ఇంతకంటే పెద్ద ప్రార్థన నాకు తెలియదు.

మా బిడ్డ ఆ వీడియోను చాలాసార్లు చూసింది. "చప్పట్లు కొట్టమంటె గిది చేసినవ్" అంది గానీ, తీసేయలేదు. దాన్నే చూస్తూ వారం రోజులు ఆ బొమ్మ చేతులు కదిలించింది. పని చేసుకుంటూ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వాళ్ళ టీం లీడ్‌తో మాట్లాడుతుంటే, ఆ మాటలు వంటింట్లోకి వినిపించాయి. ఆయన తెలుగువాడే. "మిగతావన్నీ చెక్కబొమ్మలు. ఇందులో ప్రాణం ఉంది. ఉంచు" అన్నాడు. ఈ గేమ్ బాగా పోతే వచ్చే ఏడాది గేమ్‌లో జనం మొత్తం నీ చేతికే ఇస్తాను, కింద నలుగురిని పెడతాను అని కూడా అన్నాడు. మా బిడ్డకు గడ్డి వద్దు, ఆకాశం వద్దు. మనుషులను కదిలించడమే కావాలి. ఆ మాట విన్న రోజు తను సరిగా బువ్వ కూడా తినలేదు, సంతోషంతో. ఆయన ఉంచు అన్నాడన్న సంగతి మాత్రం చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

గేమ్ బయటికి వచ్చాక విమర్శకుల రాతలు మొదలయ్యాయి. పదికి ఇన్ని అని మార్కులు వేస్తారట. జన్మలో ఒక్క మార్కూ వేయించుకోని నాకు అది వింతగా తోచింది. తను ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పేది. కట్టెకు బంతి తగిలే చప్పుడు బాగుందన్నారు. సాయంత్రపు ఎండ గడ్డి మీద పడే తీరు బాగుందన్నారు. పోయినేటి ఆటకే రంగు వేసి మళ్ళీ అమ్ముతున్నారని ఒకరు మండిపడ్డారు. జనం అందరూ దారం పట్టి లాగినట్టు ఒకేసారి లేస్తున్నారని ఇంకొకరు రాశారు.

"గది నిజమే అమ్మా. టైం లేక అందర్ని ఒక్కతీర్గ లేపినం."

ఆ రాసినాయన మీద నాకు కోపం లేదు. చూశాడు, చూసింది రాశాడు. పనిచేసేవాళ్ళకు లోపం చూపేవాళ్ళు ఉండాలి. అట్లాంటివాళ్ళకు కూడా నేను దండం పెట్టుకుంటాను.

తర్వాత వచ్చింది ఆ పెద్దమనిషి వీడియో. ఆ దేశంలో చాలా పేరున్న విమర్శకుడట. ఆయన బాగుందంటే కొంటారు, బాగాలేదంటే మానేస్తారు. గేమ్‌లో సొంత జట్టు గెలిచే ఘట్టం పెట్టి, దాన్ని మెల్లగా నడిపించి, మూడో వరుసలో కొప్పున్నామె చుట్టూ ఎర్రగా సున్న గీశాడు. ఆమె చేతులు చాచింది, వెనక్కి తెచ్చింది, తలకు ఆనించుకుంది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏమంటుండు?" అన్నాను.

మా బిడ్డ వీడియో ఆపింది. రెండోసారి అడిగితే చెప్పింది. "మీ జట్టు గెలిచిందని గీమెకు ఎవరన్న చెప్పుండ్రి అంటుండు. గెలిస్తె తల పట్టుకొని ఏడుస్తాంది అంటుండు."

"ఇంకేమన్నడు?"

"తక్కువ పైసలకు దొరుకుతరని ఎక్కడెక్కడి వాళ్ళతోనో చేపిస్తె గిట్లనే ఉంటది అన్నడు."

అడగవచ్చు కదా. ఒక్క మాట, ఇదేమిటి అని, ఎవరినైనా అడగవచ్చు కదా. అంత పెద్ద విమర్శకుడు, బంతి ఎన్ని సుళ్ళు తిరుగుతోందో పట్టుకున్నవాడు, ఒక ఆడమనిషి మొహంలో నవ్వు ఉందా ఏడుపు ఉందా చూడలేదు. మా బిడ్డ ఆ బొమ్మకు నవ్వు పెట్టింది. కళ్ళ కింద ముడతలు పెట్టింది. ఆయన చేతులు చూశాడు, తనకు తెలిసిన అర్థం తీసుకున్నాడు, తనకు తెలియని అర్థం ఇంకొకటి ఉంటుందేమోనని అనుమానం కూడా రాలేదు. అనుమానం రాకపోవడమే నాకు ఒళ్ళు మండించింది.

ఆ ముక్క కత్తిరించి ఎవరెవరో పంచుకున్నారు. వెనక ఏడుపు పాట పెట్టారు. పరీక్ష తప్పినవాడికి, బస్సు తప్పిపోయినవాడికి నన్ను అతికించారు. మా బిడ్డ ఇక నాకు చూపించడం మానేసింది. అయినా వచ్చింది. మార్కెట్ నుంచి మా ఆయన తెచ్చాడు. వేలం కాకముందే ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే ఫోన్ నా ముందు పెట్టాడు.

"మార్కెట్ల గిదే సూస్తుండ్రు. గీ చేతులు నీయి లెక్కనే ఉన్నయి."

ఈసారి మాట్లాడేవాడు మనవాడే. గేముల మీద తెలుగులో వీడియోలు పెట్టేవాడట. మన యాసే.

"దోస్తులు, గీమెను ఆ అమెరికాయన గుర్తువట్టలే, నేను గుర్తువట్టిన. గీమె మన అవ్వ. ఏడుస్తలేదు, దిష్టి తీస్తాంది. బేస్‌బాల్‌కు దిష్టి. ఎవరన్న జర ఉప్పు, మిరపకాయలు గూడ ఇయ్యుండ్రి అవ్వకు. స్టేడియంల పొయ్యి వెట్టి పొగ వెడ్తది. ఇజ్జత్ తీసిండ్రు గదరా బై."

వాడు నవ్వుతూ తన కణతల మీద మెటికలు విరిచి చూపించాడు. సరిగ్గా విరిచాడు. చిన్నప్పటి నుంచి చూసినవాడే అలా విరవగలడు.

మా ఆయన అన్నాడు, "మార్కెట్ల నేనేం అనలే. అంటె నువ్వని తెలుస్తదని."

బయటివాడు తెలియక నవ్వాడు. వాడిని ఎలాగో ఓర్చుకున్నాను. వీడు తెలిసి నవ్వాడు. ఆ చేతులు ఏం కోరుకుంటాయో తెలిసి, ఎవరో ఆ చేతులను వీడి చెంపల దాకా తెచ్చి వీడి చెడును తన నెత్తికి తీసుకుంటేనే వీడు పెరిగాడని తెలిసి, ఇజ్జత్ పోయిందన్నాడు. ఎవరి ముందు పోయింది ఇజ్జత్? ఎర్ర సున్న గీసినాయన ముందా? నేను మా బిడ్డ ఫోన్ తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాడి వీడియో కింద రాశాను. "నాయనా, నీకు ఎవరూ ఇలా తీయలేదా?" అని. వాడు జవాబు రాయలేదు. మిగతావాళ్ళు రాశారు. అవ్వ కామెంట్ పెట్టిందిరోయ్ అని, నవ్వే పసుపు మొహాలు, ఒకదాని కింద ఒకటి. ఫోన్ తిప్పి పెట్టి, పొయ్యి మీది పప్పు దగ్గరికి వెళ్ళాను. అది అడుగంటింది.

ఇంతలో ఆ దేశం కంపెనీ వాళ్ళు మీటింగ్ పెట్టారు. దానికి ముందు టీం లీడ్ మా బిడ్డకు ఫోన్ చేశాడు. నడిమి అర్రలో తను అటూ ఇటూ నడుస్తూ మాట్లాడింది. నేను గడపలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

"బొమ్మ లోపల ఎముకల అమరిక తప్పింది, చేతులు తలకు పోయాయి, పొరపాటు నాదే అని చెప్పు. అక్కడితో అయిపోతుంది. వచ్చే ఏడాది పని నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు ఆయన.

"మీరే గద సార్ ఉంచుమన్నది. ప్రాణమున్నదన్నరు."

"అదేంటో నాకు అప్పుడు తెలియలేదమ్మా."

"తెల్వదా సార్? మీ ఇంట్ల మీ అమ్మ తియ్యదా?"

ఆయన, "అవన్నీ ఇప్పుడెందుకు. నువ్వు చెప్పకపోతే జనం పని వేరేవాళ్ళకు పోతుంది, నా చేతిలో ఏమీ ఉండదు" అని పెట్టేశాడు.

దిష్టి తీసే ఉంటుంది వాళ్ళ అమ్మ. పరీక్షకు పోతున్నప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్ళిపీటల మీద నుంచి లేచినప్పుడు. ఆయనకు తెలియదు అన్నప్పుడు ఆయన కాదన్నది నన్ను కాదు, ఆమెను. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు గానీ ఆమె తరఫున కూడా నాకు కోపం వచ్చింది.

మా బిడ్డ వచ్చి గడపలో నా పక్కన కూర్చుంది. చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఊరికే తుంచింది.

"ఏం జెయ్యాలమ్మా?"

"చెప్పు. తప్పయిందని చెప్పు. చేతులే గద. నీ పని పోవద్దు."

తను నా వైపు చూసింది. "నీ చేతులు గదనే."

"అయితేంది. అరిగిపోతయా?"

ఆ మాట నా నోటితోనే అన్నాను. అంత దాకా తెచ్చారు. మా అవ్వ ప్రార్థనను ఎముకల పొరపాటని ఒప్పుకోమని, కన్నబిడ్డకు నేనే చెప్పేలా చేశారు. ఆ సాయంత్రం అన్నిటికంటే ఎక్కువ కోపం నాకు దీని మీదే.

దీపాలు పెట్టే వేళకు మీటింగ్ మొదలైంది. తెర మీద గళ్ళల్లో మొహాలు. టీం లీడ్ ఒక గడిలో, ఆ దేశపు ఆడమనిషి ఒకామె ఇంకొక గడిలో, మిగతావాళ్ళు చిన్న చిన్నగా. నేను వాళ్ళకు కనబడకుండా డ్రమ్ము వెనక పీట మీద కూర్చున్నాను. మాటలన్నీ ఇంగ్లీషు. టీం లీడ్ మాట్లాడాడు. ఆయన మాటల్లో పొరపాటు అన్న ఇంగ్లీషు మాట మాత్రం నాకు అర్థమైంది, అది మా మార్కెట్‌లో కూడా అంటారు. తర్వాత మా బిడ్డ వంతు. తను కూడా ఆ మాటే అంటుందని చూస్తున్నాను. అనలేదు. ఏదో నెమ్మదిగా చెబుతూ చెబుతూ ఆగి, రెండు చేతులూ తెర వైపు చాచింది. ఆ దేశపు ఆమె మొహం దాకా తెచ్చి, వెనక్కి తీసుకుని, తన కణతలకు ఆనించి విరిచింది. అర్రంతా వినిపించాయి మెటికలు.

టీం లీడ్ తల దించుకున్నాడు. ఆ దేశపు ఆమె గుండె మీద చేయి పెట్టుకుని ఏదో అంది. కళ్ళు తుడుచుకుంది కూడా. నాకు గుండె నిండింది. దేవుడా, ఒక్కరికైనా అర్థమైందని అక్కడికక్కడే చేతులు జోడించాను.

మీటింగ్ అయ్యాక మా బిడ్డ కుర్చీలోంచి లేవలేదు.

"ఏమన్నది ఆమె?"

"ఎంత అందంగున్నది అన్నది. మా అమ్మ గుర్తొచ్చింది అన్నది."

"మంచామె. ఇంకేమన్నది?"

"తీసెయ్యిమన్నది."

"అందంగున్నదన్నది గద."

"ఆమెకు అర్థమైందట. సూసెటోళ్ళకు అర్థం గాదట. మెల్లగ, మంచిగ చెప్పింది అమ్మా. తిట్టలే."

తిట్టినా బాగుండేది. నవ్వినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. కళ్ళు తుడుచుకుని, గుండె మీద చేయి పెట్టుకుని, నీ తల్లిని తీసేయి అన్నవాళ్ళ మీద ఎలా కోపం తెచ్చుకోవాలో చాలా రోజులు నాకు చేతకాలేదు. ఇప్పుడు చేతనవుతోంది. అర్థమైనవాళ్ళు పక్కవాళ్ళకు ఒక మాట చెబితే పక్కవాళ్ళకూ అర్థమవుతుంది. బేస్‌బాల్ అంటే ఏమిటో మాకు ఎవరూ పుట్టుకతో చెప్పలేదు. అయినా ఇల్లు చేరడం గెలుపని ఒక్క మాటలో నాకు అర్థమైంది. వాళ్ళ ఆట మాకు అర్థం కావాలి, మేము వాళ్ళకు అర్థం కావలసిన పని లేదు.

మా బిడ్డ ఉద్యోగం పోలేదు. అందుకు దండం పెట్టుకున్నాను, పైపైన కాదు, నిజంగానే. కానీ జనం పని మాత్రం పోయింది. వచ్చే ఏడాది ఆటలో మనుషులను వేరేవాళ్ళు చేస్తున్నారు. తనకు కుర్చీలు ఇచ్చారు. స్టేడియంలో కుర్చీలు. పొరపాటు నాదే అని ఒక్క మాట అని ఉంటే ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు తన చేతిలో ఉండేవారు. ఎందుకు అనలేదే అని ఒకసారి అడిగాను. "అనేదాన్నే. నువ్వు డ్రమ్ము ఎనక కూసున్నవ్ గద" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

కొన్నాళ్ళకు గేమ్‌ను సరిచేసి మళ్ళీ వదిలారు. చూపించమని నేనే అడిగాను. జట్టు గెలిచింది, అందరూ లేచారు, ఈసారి కొంచెం వెనకా ముందుగా లేచారు. మూడో వరుసలో కొప్పున్నామె చప్పట్లు కొడుతోంది. ఎవరి చేతులో అవి, వాళ్ళ ఆఫీసులో ఎవరివో. పై వరుసలో మా ఆయన చేతులు కట్టుకుని అలాగే ఉన్నాడు. ఎర్ర సున్న గీసిన విమర్శకుడు జనాన్ని బాగుచేశారని మెచ్చుకుంటూ ఒక వాక్యం రాశాడట. మన తెలుగువాడు ఆ తర్వాత వేరే గేమ్ మీద పడ్డాడు. మార్కెట్‌లో ఎవరికీ గుర్తులేదంటాడు మా ఆయన. నాకు గుర్తుంది.

మొన్న కుర్చీల పని ముగించి మా బిడ్డ నన్ను పిలిచింది. తెర మీద ఆట ఇంకా మొదలుకాలేదు. వాన వెలిసిన సాయంత్రం, ఖాళీ స్టేడియం. ఆకుపచ్చ కుర్చీలు వరుసలు వరుసలుగా పైకి పోయాయి. మడత తెరిచి ఉన్నవి కొన్ని, ముడుచుకున్నవి కొన్ని, ఒక్కోదాని మీద నిలిచిన నీళ్ళలో ఆకాశం తునక. మూడో వరుసలో ఒక కుర్చీ అంచు కొంచెం అరిగి ఉంది, ఎవరో రోజూ వచ్చి కూర్చున్నట్టు.

"గిది ఎవలు పెట్టుమన్నరు?"

"ఎవలు పెట్టుమనలే. నేనే పెట్టిన. గీసారి ఎవలు అడగరు, కుర్చీయే గద."

నా చేతులు లేచాయి. తన చెంపల దాకా పోయి, గాలిలో ఆగాయి. ఇంతకుముందు ఎన్నడూ ఆగలేదు. గొర్రెపిల్లకైనా, బిడ్డకైనా, మనవడిలాంటి పక్కింటి పసివాడికైనా, లేచిన చేతులు లేచినట్టే పోయి వచ్చేవి. ఇప్పుడు ఎవరో చూస్తున్నట్టు, ఎర్రగా సున్న గీస్తున్నట్టు, ఒక్క క్షణం ఆగాయి. మా బిడ్డ ఆ ఆగడం చూసింది. నా మణికట్లు పట్టుకుని, తన చెంపలకు ఆనించుకుని వదిలిపెట్టింది. వెనక్కి తెచ్చి విరిచాను. అన్నీ పటపటమన్నాయి.

మరునాడు పొద్దున దీపం పెట్టి అన్నిటికీ దండం పెట్టుకున్నాను. బిడ్డకు పని ఉన్నందుకు, ఆ పచ్చ కుర్చీలకు, తప్పయిందని చెప్పని తన నోటికి, మట్టిలో అక్షరాలు దిద్దించిన బాపుకు, అవ్వకు. చేతులు గాలిలో ఆగిన ఆ ఒక్క క్షణానికి మాత్రం పెట్టలేదు. అది దేవుడు ఇచ్చింది కాదు. ఎవరిచ్చారో నాకు తెలుసు.